మూడో చోటు

పోటీల విభాగం, సమాఖ్య కార్యాలయం
ఫిబ్రవరి 9

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు క్లబ్బు గది పైకప్పు గురించే రాశావు. మరదలి మోకాలి నొప్పి ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. ఆ రేకుల కింద కాపురం పెట్టినట్టున్నావు. మీ బావ చదివి నవ్వుకున్నారు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. ఇది అన్ని క్లబ్బుల కార్యదర్శులకీ వచ్చే సర్క్యులరే. దాన్ని పొడి మాటల్లో రాస్తారు కాబట్టి అక్కగా విప్పి చెబుతున్నాను. తమ్ముడు పనిచేసే క్లబ్బు వ్యవహారంలో వేలు పెట్టనని నేను ఇక్కడ సంతకం పెట్టాను. అందుకని ఫోన్‌లో క్లబ్బు మాటెత్తకు.

ఖండం ఫుట్‌బాల్ పోటీల్లోకి ఏ దేశం నుంచి ఎన్ని క్లబ్బులు రావాలో మేం లెక్క కట్టి తేలుస్తాం. మన క్లబ్బులు బయటి దేశాల మీద గెలిస్తే రెండు పాయింట్లు, సమంగా ముగిస్తే ఒకటి. వాటిని ఆ ఏడాది వెళ్లిన క్లబ్బుల సంఖ్యతో భాగిస్తాం. అలా ఐదేళ్లవి కూడితే ఆ దేశం వరుస తేలుతుంది. మనవాళ్లు ఐదేళ్లుగా బయటికి వెళ్లి తన్నులు తిని వస్తున్నారు కదా, పదిహేనో వరుస నుంచి పందొమ్మిదికి జారాం. నాలుగు చోట్లు ఉండేవి, ఇకనుంచి మూడే. లీగ్‌లో మొదటివాడు, రెండోవాడు, కప్పు గెలిచినవాడు. అంతే.

మీరు లీగ్‌లో తొమ్మిదో వాళ్లు. ఆ వైపు ఆశ లేదు. కానీ ఓడితే ఇంటికే అనే కప్పు పోటీలో ఇంకా ఉన్నారు. ఆ మూడో చోటు కోసం మీలాంటి వాళ్లందరూ లైసెన్సు ఫారం పంపాలి. మార్చి ముప్ఫై ఒకటి ఆఖరి రోజు. గెలిచాక పంపుతానంటే కుదరదు. మైదానం కొలతలు, కోచ్ సర్టిఫికెట్, జాబితాలో ఉన్న ప్రతి ఆటగాడి వైద్య పరీక్ష కాగితం, అన్నీ ఉంటేనే ఫైలు తీసుకుంటాం. ఒక్కటి తక్కువైనా వెనక్కే.

మాకెందుకులే అనుకోకు. పంపితే పోయేదేముంది?

అక్క

*

క్లబ్బు గది
మార్చి 8

అక్కా,

నీ తిట్లు అందాయి. మీ మరదలి మోకాలు తగ్గింది, పైకప్పు తగ్గలేదు. వాన పడితే నా బల్ల మీద మూడు చోట్ల కారుతుంది. గిన్నెలు పెట్టి మధ్యలో కూర్చుని ఫారం నింపుతున్నాను. నలభై ఆరు పేజీలు. ఇందులో ఒక పేజీ మరుగుదొడ్ల గురించి. ఎన్ని ఉన్నాయి, ఎన్ని పనిచేస్తాయి అని విడివిడిగా అడిగారు. మీవాళ్లకి మా సంగతి బాగానే తెలుసు.

ఐదో రౌండు గెలిచాం. నమ్ముతావా? క్వార్టర్ ఫైనల్లో ఉన్నాం. మన పొడుగోడు రెండు బంతులు ఆపాడు. ఒకటైతే గోలేననుకుని నేను తల దించేసుకున్నాను. పొద్దున వ్యాను నడిపి సరుకులు దింపొచ్చి, సాయంత్రం అంత ఎత్తు ఎలా ఎగురుతాడో. ఇరవై ఆరేళ్లొచ్చినా నేను అరటిపండు తినమంటే తింటాడు. వాళ్లమ్మ చెబితే తినడు. పెద్ద క్లబ్బు మనిషొకడు రెండు ఆటలకి వచ్చి వీణ్ణి చూసి నోటు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పైకి ఎవరికీ చెప్పకు.

ఇరవై రెండు మందికీ వైద్య పరీక్ష చేయించాం. సిటీలోని ల్యాబు వాళ్లు ఒక్కొక్కరి కవరూ నేరుగా కార్యదర్శికే పంపుతారు. ఇరవై ఒకటి వచ్చాయి. అందరూ దుక్కల్లా ఉన్నారు, గోలు ముందు కాపలా ఉండే సెంటర్ బ్యాక్ ఒక్కడు తప్ప. వాడికి కళ్లజోడు కావాలిట. అన్ని గోల్స్ ఎందుకు పడ్డాయో ఇప్పుడు తెలిసింది. పొడుగోడు వ్యాను పని వల్ల ఆఖర్న వెళ్లాడు, వాడి కవరొక్కటే రావాలి. అది రాగానే ఫైలు కట్టి పంపేస్తాను.

మా ప్రెసిడెంటు, టైర్ల కొట్టాయన, ఫారం చూసి నవ్వాడు. పంపు, పంపు, అద్దం ముందు కిరీటం పెట్టుకుని చూసుకున్నట్టుంటుంది అన్నాడు. నేను పేజీ తిప్పి నింపుకుంటూ పోయాను.

తమ్ముడు

*

క్లబ్బు గది
ఏప్రిల్ 3

అక్కా,

ఫారం వెళ్లింది. క్వార్టర్ ఫైనల్ గెలిచాం. పొడుగోడు బాగా ఆడాడు. పని ఎక్కువగా ఉంది, తర్వాత రాస్తాను.

తమ్ముడు

*

పోటీల విభాగం
ఏప్రిల్ 8

తమ్ముడికి,

సెమీఫైనల్‌కి వెళ్లారని పేపర్లో చూశాను. మీ బావకి ఫుట్‌బాల్ అంటే నిద్రొస్తుంది, ఆయన కూడా కత్తిరించి పెట్టుకున్నారు.

నీ ఉత్తరం మాత్రం బస్సు టికెట్టంత ఉంది. పైకప్పు ఏమైంది? గిన్నెలు ఏమయ్యాయి? ఒంట్లో బాగానే ఉందా?

ఒక సంగతి. ఇది ఎవరడిగినా చెప్పే మాటే. పోస్టులో కొన్ని ఫైళ్లు దారి తప్పుతుంటాయి. అలాంటి వాళ్ల కోసం ఏప్రిల్ పదిహేను దాకా ఆలస్యపు ఫైళ్లు తీసుకుంటాం. ఆ తర్వాత రిజిస్టర్‌లో గీత కొట్టేస్తాం. నీ రసీదు జాగ్రత్తగా ఉందా? ఏ తేదీన పోస్టు చేశావు? వెంటనే రాయి.

అక్క

*

క్లబ్బు గది
ఏప్రిల్ 12

అక్కా,

రసీదు నా దగ్గరే ఉంది. కంగారు పడకు.

తమ్ముడు

*

ఇంటి నుంచి
మే 5

అక్కా,

సెమీఫైనల్ గెలిచాం. పెనాల్టీల మీద. పొడుగోడు మూడు ఆపాడు. పద్దెనిమిదిన ఫైనల్, లీగ్ ఛాంపియన్ల మీద.

మా వీధిలో ప్రతి బాల్కనీకీ నీలం గుడ్డ వేలాడుతోంది. మంగలి షాపాయన క్షవరానికి వచ్చినవాళ్లకి ఖండం మ్యాపు చూపించి మనం ఏ ఏ దేశాలు వెళతామో చెబుతున్నాడు. టైర్ల కొట్టాయన పాస్‌పోర్టు కోసం ఫోటో దిగాడు. డెబ్భై ఏళ్ల మనిషి, ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఫారం పంపమని పట్టుబట్టింది మా కార్యదర్శే అని కనపడ్డవాళ్లందరికీ చెబుతున్నాడు. రోడ్డు మీద ముక్కూమొహం తెలియనివాళ్లు నాకు చేయి కలుపుతున్నారు.

అక్కా, నేను ఫారం పంపలేదు.

నీకు అబద్ధం చెప్పాను. మా ప్రెసిడెంటుకీ అదే చెప్పాను. ఫైలు నా బల్ల డ్రాయర్లో ఉంది. మర్చిపోయాను, తర్వాత ఆలస్యమైపోయింది, చెప్పడానికి నోరు రాలేదు. తొమ్మిదో స్థానంలో ఉన్నవాళ్లం కప్పు గెలుస్తామా అనుకున్నాను. క్వార్టర్లో పోతాం అనుకున్నాను. సెమీలో పోతాం అనుకున్నాను. ప్రతి రౌండుకీ అదే అనుకుంటూ వచ్చాను.

ఇప్పుడు గెలిస్తే ఏమవుతుంది? ఏదో ఒక దారి ఉంటుంది కదా? ఈ ఉత్తరం క్లబ్బులో రాయలేక ఇంట్లో వంటగదిలో కూర్చుని రాస్తున్నాను. మీ మరదలికి కూడా తెలియదు.

తమ్ముడు

*

ఇంటి నుంచి
మే 10

తమ్ముడికి,

నాకు తెలుసు.

ఏప్రిల్ ఒకటినే తెలుసు. రిజిస్టర్ రాసేది నేనే. మీ క్లబ్బు పేరెదురుగా గడి ఖాళీగా ఉంది. అందుకే తర్వాతి ఉత్తరంలో పదిహేనో తేదీ గురించి అంత సాగదీసి రాశాను. నువ్వు రసీదు ఉందన్నావు. నా కళ్ల ముందు ఖాళీ గడి, నా చేతిలో నీ అబద్ధం. ఫోన్ తీసి ఒరే వెధవా, ఫైలు పంపరా అని అరిస్తే అయిపోయేది. సంతకం పెట్టానని ఊరుకున్నాను. నీ మీద ఎంత కోపంగా ఉందో నా మీద అంతకంటే ఎక్కువ ఉంది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. లైసెన్సు లేని క్లబ్బు కప్పు గెలిస్తే కప్పు వాళ్లదే, చోటు మాత్రం వాళ్లది కాదు. ఫైనల్లో ఓడినవాడికి కూడా రాదు. ఒకప్పుడు వచ్చేది, ఆ నియమం తీసేశారు. అది లీగ్‌లోకి వెళ్లిపోతుంది. ఇంకా చోటు దొరకని వాళ్లలో పైన ఉన్నవాడికి, అంటే మూడోవాడికి. ఎవరి మీదా గెలవకుండా ఇంట్లో కూర్చున్నవాడికి పోతుంది. అప్పీలు లేదు. మొన్నటేడాది ఇంకో దేశం వాళ్లు ముగ్గురు లాయర్లతో వచ్చారు. వచ్చిన దారినే పోయారు.

ఫైనల్లో ఓడిపోతే ఎవ్వరూ లైసెన్సు మాటెత్తరు. డ్రాయర్లో ఫైలు డ్రాయర్లోనే ఉంటుంది. నోటితో అనకూడని మాట, కానీ నీకున్న దారి అదొక్కటే.

ఇంకొకటి. మర్చిపోయానన్నావు. నువ్వు ఐదో తరగతి పెన్సిల్ ముక్కలు కూడా డబ్బాలో దాచుకున్నవాడివి. తాళాలన్నిటికీ చీటీలు కట్టేవాడివి. నువ్వు మర్చిపోయావంటే నేను నమ్మను. ఏం దాస్తున్నావురా?

అక్క

*

క్లబ్బు గది
మే 19

అక్కా,

గెలిచాం.

నిన్న ఆట మొదలైనప్పటినుంచి నేను మనం ఓడిపోవాలని కోరుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా ఆ క్లబ్బు చొక్కాలు ఉతికించాను, వలలు కుట్టాను, గీతలు గీశాను. బెంచీ వెనక కూర్చుని మావాళ్ల కాళ్లకి బంతి తగలకూడదని మనసులో దండాలు పెట్టుకున్నాను. డెబ్భై మూడో నిమిషంలో మనవాళ్లు గోలు కొట్టారు. స్టేడియం అంతా లేచింది. నేను లేవలేదు. టైర్ల కొట్టాయన నా చంకల కింద చేతులు పెట్టి లేపాడు. సంతోషంతో లేవలేకపోతున్నాననుకున్నాడు పాపం.

ఎనభై తొమ్మిదో నిమిషంలో వాళ్లకి పెనాల్టీ ఇచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ల ఫార్వర్డ్ ఈ ఏడాది ఒక్క పెనాల్టీ కూడా పోగొట్టుకోలేదు. వాడు కొడితే సమం, తర్వాత ఎలాగూ మనవాళ్ల పని అయిపోతుంది. పొడుగోడు గీత మీద నిలబడి చేతులు చాపాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. ప్రతి పెనాల్టీకీ ముందు అలా చూస్తాడు, చిన్నప్పటినుంచీ. నేను కళ్లు మూసుకున్నాను.

అరుపు వినిపించి కళ్లు తెరిచేసరికి వాడు నేల మీద బోర్లా పడి ఉన్నాడు. కదలట్లేదు. ఆ నాలుగైదు క్షణాలు నేనేమయ్యానో నాకే తెలియదు. తర్వాత తెలిసింది, బంతిని పొట్ట కింద పెట్టుకుని లేవకుండా పడుకున్నాడని.

రాత్రంతా మా వీధిలో ఎవరూ పడుకోలేదు. పొద్దున్నే టైర్ల కొట్టాయన మైకు పట్టుకుని ఖండం పోటీలకి వెళుతున్నామని ప్రకటించాడు. పక్కన నన్ను నిలబెట్టాడు. నవ్వాను అక్కా. ఏ మొహంతో నవ్వానో తెలియదు.

ఈ ఉత్తరంతోపాటు ఫైలు కొరియర్‌లో పంపుతున్నాను. పూర్తిగా ఉంది. నలభై ఆరు పేజీలు, ఇరవై రెండు మంది కాగితాలు. దీని మీద మార్చి తేదీ వేసి కింది ఫైళ్లలో పెట్టు. రిజిస్టర్ నీదేగా. ఒక్క గడి. నువ్వు తప్ప ఎవరూ చూడరు. నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. అమ్మ పోయినప్పుడు నువ్వు రాలేకపోతే కూడా ఎందుకని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నీ కాళ్లు పట్టుకుంటాను. ఈ జనం మొహంలోకి చూసి లేదని చెప్పలేను. చచ్చిపోవాలనిపిస్తోంది.

తమ్ముడు

*

పోటీల విభాగం
మే 25

తమ్ముడూ,

నా గదిలో పనిచేసే మిగతా ఇద్దరూ భోజనానికి వెళ్లారు. అంతా చెబుతాను విను.

నీ ఫైలు నిన్న మధ్యాహ్నం అందింది. కొరియర్ కవరు చింపి చెత్తబుట్టలో కాకుండా నా సంచీలో పెట్టుకున్నాను. ముద్ర బయటికి తీశాను. దాని అంచున మూడు చిన్న చక్రాలుంటాయి, రోజుకొకటి, నెలకొకటి, ఏడాదికొకటి. నెల చక్రం రెండు గళ్లు వెనక్కి తిప్పాను. రోజు చక్రం ముప్ఫై దగ్గర ఆపాను. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ చెయ్యని పని. నా చెయ్యి వణకలేదు. అందుకే నాకు భయమేసింది.

ముద్ర వేసేముందు పేర్లూ కాగితాలూ సరిచూడటం నా చేతికి అలవాటు. ఇరవై ఒక్క కాగితాలు తిన్నగా ఉన్నాయి. ఇరవై రెండోది నాలుగు మడతలు పెట్టి ఉంది. విప్పాను.

గుండె కండరం ఒకవైపు మందంగా ఉందని రాశారు. పెద్ద ఆసుపత్రిలో పూర్తి పరీక్ష అయ్యేదాకా ఆట వద్దు, పరుగు కూడా వద్దు అని రాసి, కింద రెండు గీతలు గీశారు. ఆకస్మిక మరణం అనే మాట కూడా ఉంది అందులో. తేదీ మార్చి పదిహేడు. పేరు మన పొడుగోడిది.

ఫైలు ఆపింది దీనికోసమా? ఈ కాగితం పంపితే వాణ్ణి ఆపేస్తారని, వాడి పేరు తీసేసి పంపితే ఎందుకు తీశావని అడుగుతారని, మొత్తం ఫైలే డ్రాయర్లో పడేశావా?

లీగ్ పట్టికలు, కప్పు ఫలితాలు అన్నీ నా బల్ల మీదే ఉంటాయి. లెక్క చూశాను. ఆ కాగితం వచ్చాక వాడు తొమ్మిది ఆటలాడాడు. తొమ్మిదిసార్లు నువ్వు వెనక కుర్చీలో కూర్చుని చూశావు. వాడు బోర్లా పడితే నువ్వేమయ్యావో తెలియదన్నావే, నాకు ఇప్పుడు తెలిసింది. ఒరే, వాడు నీ కొడుకురా. నాకు పిల్లల్లేరు, వాడొక్కడే నన్ను అత్తా అని పిలిచేవాడు. ఇది రాస్తుంటే నాకు నీ మీద అసహ్యమేస్తోంది, ఏడుపొస్తోంది, నిన్ను గట్టిగా పట్టుకోవాలని కూడా ఉంది.

ముద్ర వెయ్యలేదు. ఫైలు తిప్పి పంపుతున్నాను. ఆ ఒక్క కాగితం నా దగ్గర ఉంచుకున్నాను.

అర్జంటు కొరియర్ కడుతున్నాను, నీకు రేపు పొద్దున చేరుతుంది. రేపు సాయంత్రం ఆరింటికి వాడికి ఫోన్ చేస్తాను. ఇది క్లబ్బు వ్యవహారం కాదు, నేను ఏ సంతకమూ పెట్టలేదు. ఆలోపు నువ్వే చెప్పు. వాడు నీ నోటితోనే వినాలి.

అక్క

*

ఇంటి నుంచి
జూన్ 2

అక్కా,

నీ కొరియర్ పదింటికి అందింది. ఐదు దాటేదాకా వీధులు పట్టి తిరిగాను. ఇంటికొచ్చేసరికి వాడు సందులో వ్యాను కడుగుతున్నాడు.

చెప్పాను. ముందు నుంచి చివరిదాకా చెప్పాను. ఆ కవరు విప్పిన రోజు ఆ పెద్ద క్లబ్బు మనిషి ఫోన్ చేశాడని, సీజన్ అయ్యాక మాట్లాడదామన్నాడని చెప్పాను. ఇంకో రెండు నెలలు, ఆ తర్వాత నేనే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళదామనుకున్నానని చెప్పాను. వాడికి ఉన్నది అదొక్కటే కదా, దాన్ని నా చేత్తో ఎలా లాక్కోను అనుకున్నానని చెప్పాను. చెబుతుంటే నా చెవులకే అది ఎంత దరిద్రంగా వినపడిందో.

వాడు కుళాయి కట్టేశాడు.

"ఎన్ని ఆటలు నాన్నా?"

"తొమ్మిది."

గొట్టం చుట్టి గోడకి తగిలించాడు. తర్వాత అన్నాడు.

"పెనాల్టీ అప్పుడు నువ్వు కళ్లు మూసుకోవడం చూశాను. నేను ఆపలేనని అనుకున్నావేమో అనుకున్నాను."

అప్పుడే ఫోన్ మోగింది. సరిగ్గా ఆరింటికి చేశావు. తెలుసత్తా అని ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆ రోజునుంచి ఇవాళ్టిదాకా నాతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఉప్పు కావాలన్నా వాళ్లమ్మ ద్వారా అడుగుతాడు.

ఆదివారం మైదానంలో మీటింగు పెట్టారు. ప్రయాణం ఏర్పాట్ల గురించి మాట్లాడదామని పిలిచారు. నేను లేచి ఫారం పంపలేదని చెప్పాను. ఎందుకు పంపలేదని అడిగారు. మర్చిపోయానన్నాను. వాడి గుండె సంగతి వాడు చెప్పుకోవాలి గానీ మైకులో నేను చెప్పకూడదు. మంగలి షాపాయన చోటు ఎవరికి పోతుందని అడిగాడు. లీగ్‌లో మూడోవాళ్లకి అన్నాను. ముప్ఫై మైళ్ల అవతల ఉన్న ఆ క్లబ్బంటే మావాళ్లకి ఎప్పుడూ పడదు.

ఎవరూ కొట్టలేదు. కొడితే బాగుండేది. టైర్ల కొట్టాయన కుర్చీలో కూలబడి, ఫోటో కూడా దిగానయ్యా అన్నాడు. అంతే అన్నాడు. ఒక ముసలామె మెడలోంచి నీలం స్కార్ఫు తీసి మడతపెట్టి నా ముందు పెట్టి వెళ్లిపోయింది. తర్వాత వరుసగా ఇంకొందరు పెట్టారు. బల్ల నిండిపోయింది.

తాళాలు అప్పజెప్పేశాను. ముప్ఫై ఒకటి, అన్నిటికీ చీటీలు ఉన్నాయి. పైకప్పు ఇంకా కారుతూనే ఉంది, గిన్నెలు ఎక్కడ పెట్టాలో కొత్తాయనకి చూపించాను.

ఇక నాకు చెయ్యడానికేమీ లేదు. పొద్దున లేచి ఎటు వెళ్లాలో తెలియడం లేదు.

తమ్ముడు

*

ఇంటి నుంచి
జూన్ 20

అత్తా,

నేనెప్పుడూ ఉత్తరం రాయలేదు. తప్పులుంటే ఏమనుకోకు.

ఆసుపత్రికి అమ్మతో వెళ్లాను. పెద్ద పరీక్ష అయింది. ఇంక ఆడకూడదన్నారు. ఇంక అంటే ఈ ఏడాది కాదు, ఎప్పటికీ. వచ్చే నెల ఛాతీలో ఒక చిన్న యంత్రం పెడతారు, గుండె ఆగబోతే అది తంతుందిట. వ్యాను కూడా కొన్నాళ్లు నడపొద్దన్నారు. డాక్టరు నా రిపోర్టులూ, నేనాడిన ఆటల లెక్కా చూసి, నువ్వు బతికుండటం విశేషమన్నాడు. ఇంటికొచ్చి గ్లౌజులు అటక మీద పెట్టేశాను. ఏడుపు రాలేదు, తర్వాత స్నానం చేస్తుంటే వచ్చింది.

సంగతి మా కెప్టెన్‌కి చెప్పేశాను, వాడు మిగతావాళ్లకి చెప్పాడు. ఇప్పుడు వీధిలో నాన్నని ఏమనాలో ఎవరికీ తెలియట్లేదు. ఒకడు తిడతాడు, ఒకడు జాలిపడతాడు. నాకూ తెలియట్లేదు. ఆయన పొద్దంతా వసారాలో కూర్చుని పాత టికెట్లు సర్దుకుంటుంటాడు. చూస్తే జాలేస్తుంది. మళ్లీ తొమ్మిది ఆటలు గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. తెలిసుంటే నేనే ఆడేవాణ్ణేమో అత్తా. కానీ అది నేను తేల్చుకోవాల్సింది కదా.

నువ్వు నాన్నకి రాసిన ఉత్తరం అమ్మ నాకు చూపించింది. అది చదివినప్పటినుంచీ ఒకటే తొలుస్తోంది. నా కాగితం ఆ ఫైల్లో లేకుండా, దాని బదులు ఇంకేదో మంచి కాగితం ఉండుంటే, నువ్వు ముద్ర వేసేదానివా? నిజం చెప్పు. నాకు తెలియాలి.

పొడుగు

*

ఇంటి నుంచి
జూన్ 26

ఒరే పొడుగూ,

వేసేదాన్నిరా.

తేదీ తిప్పేశాను, ముద్ర చేతిలో ఉంది. కాగితాలన్నీ తిన్నగా ఉండుంటే వేసి, రిజిస్టర్‌లో గడి నింపి, టీ తాగడానికి వెళ్లేదాన్ని. మీ క్లబ్బు పేరు మూడో వరుసలో ఉండేది. ఆగస్టులో నువ్వు ఏదో దేశంలో గోలు ముందు నిలబడేవాడివి. ఆ తర్వాత ఏమయ్యేదో ఆలోచించలేకపోతున్నాను. తమ్ముడి మీద ప్రేమతోనే ఆ పని చేసేదాన్ని. కాబట్టి మీ నాన్నని తిట్టడానికి నాకిప్పుడు నోరు లేదు.

ఈ సంగతి మా అధికారికి నేనే చెప్పేశాను. రిజిస్టర్ నా దగ్గర్నుంచి తీసేసుకున్నారు. సోమవారం నుంచి పాత కాగితాల గదిలో పని. చివరి పనిగా ఈ ఏటి జాబితా నా చేతే టైపు కొట్టించారు. మన దేశం కింద మూడు వరుసలు. మొదటిది ఛాంపియన్లు, రెండోది వాళ్ల తర్వాతివాళ్లు, మూడోది లీగ్‌లో మూడో స్థానం వాళ్లు. ఆ మూడో పేరు కొట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ ఫైల్లోంచి నీ కాగితం తీసి, నిరుడు వచ్చిన మంచి కాగితం పెట్టడం మీ నాన్నకి ఎంతసేపు? నిరుటివి కూడా వరుసగా దాచి ఉంచుతాడు, నాకు తెలుసు. చోటు కోసం నా కాళ్లు పట్టుకుంటానని రాసిన మనిషి, ఆ ఒక్క కాగితం మాత్రం తియ్యలేదు. నాలుగు మడతలు పెట్టి, నేను లెక్కపెడతానని తెలిసీ అందులోనే ఉంచి పంపాడు. పొరపాటున ఉండిపోయిందేమో అంటావా? ఆయన మర్చిపోయే మనిషి కాదురా. నోటితో చెప్పలేనిది ఎవరైనా చదివి తనని ఆపాలని పంపాడు. రెండు నెలలు ఆలస్యంగా పంపాడు. ఆ రెండు నెలలు క్షమించమని నేను అడగను.

ఒక్క పని చెయ్యి. వచ్చే నెల ఆసుపత్రిలో నీతో చాలా ఫారాలు నింపిస్తారు. మీ అమ్మకి కళ్లు ఆనవు, నీ రాత ఎవరికీ అర్థం కాదు. మీ నాన్నని వెంట తీసుకెళ్లు. ఈసారి ఒక్క కాగితం కూడా డ్రాయర్లో పెట్టడు.

మీ అత్త